గర్భసంచి గడ్డలకు అప్పు రాసే ముందు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ మైకు ముందు నిలబడి పొదుపు ఇంత, బ్యాంకు లింకేజీ ఇంత, స్త్రీనిధి ఇంత, రికవరీ ఇంత అని చదివేసి కూర్చుంటాం. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలో ముందు పేజీల్లో అచ్చయ్యాయి, చూసుకోండి. ఈసారి మాకిచ్చిన టైములో ఒక అప్పు గురించి చెబుతామని కమిటీని ముందే అడిగి ఒప్పించాం. ఆడవాళ్ల లోపలి సంగతి మైకులో ఏం చెబుతారు అని ఒకరిద్దరు అన్నారు. ఆపరేషను చేయించుకున్నప్పుడు లేని సిగ్గు మాట్లాడేటప్పుడు ఎందుకని అడిగాం. మగవాళ్లు ఎవరైనా ఉంటే లేచి పోవద్దు. ఇంటికెళ్లాక మీకే పనికొస్తుంది.

మా గ్రామ సంఘం అప్పుల రిజిస్టరులో "కారణం" అని ఒక గడి ఉంటుంది. గేదె, కుట్టు మిషను, పిల్లల ఫీజు, మిరప పెట్టుబడి, ఇట్లా రాస్తాం. పోయిన ఏడు ఆడిట్ కోసం మా బుక్ కీపరు ఆ గడి పైకి చదువుతుంటే "ఆపరేషను", "ఆపరేషను" అని మళ్లీ మళ్లీ వచ్చింది. ఏం ఆపరేషనని ఒక్కొక్కరినీ తలుచుకుంటే ఒకటి అపెండిసైటిస్, మిగతా నాలుగూ గర్భసంచి తీయించుకున్నవే. అందులో ఇద్దరికి నలభై ఏళ్లు కూడా లేవు. ఆ నాలుగు తీర్మానాల మీదా మా సంతకాలే ఉన్నాయి. గేదె అప్పుకైతే పాలెన్ని ఇస్తుంది, ఈత ఎన్నోది అని గంటసేపు అడుగుతాం. గర్భసంచి అప్పుకు పది నిమిషాలు కూడా పట్టలేదు. "పాపం, ఆపరేషనంట" అని తీర్మానం రాసేశాం.

ఆ ఇద్దరిలో ఒక చెల్లెలి సంగతి ఆమె ఒప్పుకోబట్టే చెబుతున్నాం. ఊరు, పేరు వద్దంది. అప్పటికి ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషను అయిపోయింది. నెలసరి వస్తే ఏడెనిమిది రోజులు పోయేది, గడ్డలు గడ్డలుగా పడేది. మిరప కోతలకు వెళ్తే చేలో మార్చుకోను చాటు లేదు, నీళ్లు లేవు. మధ్యలో రెండు మూడు సార్లు ఇంటికి పోయి వస్తే మేస్త్రి సగం కూలి కోసేవాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ టౌనులో తనకు తెలిసిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్కానింగు తీసి గడ్డ ఉందన్నారు. ఇట్లాగే ఉంచితే క్యాన్సరు అవుతుందన్నారు. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా ఆ సంచి అన్నారు. మూడో రోజుకల్లా ఆపరేషను అయిపోయింది. సంఘం అప్పు, బయట వడ్డీ అప్పు, చెవి కమ్మల తాకట్టు అన్నీ కలిపి 70,000 రూపాయలు అయింది.

సంవత్సరం తిరగకుండానే ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రి నిద్ర లేదు, మోకాళ్లు, నడుము పట్టేసేవి. ముప్ఫై ఆరేళ్లకు అరవై ఏళ్ల ముసలమ్మలా అయ్యానంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ మళ్లీ స్కానింగు చేయించి, పాత కాగితాలు చూసి, "అమ్మా, గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేశారు, నీకు చెప్పారా?" అని అడిగింది. చెప్పలేదు. కాగితం మీద భర్త సంతకం ఉంది, ఆయనకూ చెప్పలేదు. ఇంకో సంగతి, ఆ మొదటి స్కానింగు కాగితంలో రాసింది రెండు సెంటీమీటర్ల గడ్డ. అంటే ఉసిరికాయంత.

ఆ రోజు మేమిద్దరం ఆమె పక్కనే బెంచీ మీద కూర్చొని ఉన్నాం. మాకు నోట మాట రాలేదు. ఆ డబ్బు ఇచ్చింది మేమే కదా.

ఆ తరువాత ఆ డాక్టరమ్మనే బతిమాలి మా గ్రామ సంఘం నెలవారీ మీటింగుకు పిలిచాం. ఆదివారం వచ్చి మూడు గంటలు కూర్చుంది. ఆమె చెప్పింది మాకు అర్థమైనంత వరకు ఇక్కడ చెబుతాం. మేము పదో తరగతి చదివిన వాళ్లం, డాక్టర్లం కాదు. మీకెవరికైనా ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. కానీ ఏమేమి ఉన్నాయో తెలియకపోతే అడగనే అడగలేం కదా.

ఫైబ్రాయిడు అంటే గర్భసంచి కండలోంచే పెరిగే గడ్డ. క్యాన్సరు కాదు. అది క్యాన్సరుగా మారుతుందని భయపెట్టడం తప్పు. ఫైబ్రాయిడు అనుకున్న గడ్డ క్యాన్సరుగా తేలడం చాలా అరుదు. యాభై ఏళ్లు వచ్చేసరికి ఎక్కువ మంది ఆడవాళ్లకు చిన్నదో పెద్దదో ఉండనే ఉంటుందట, చాలామందికి ఉందన్న సంగతే తెలియదట. ఇది వినగానే మా మీటింగులో "అయితే మా అందరికీ ఉన్నట్టేనా" అని ఒకటే గోల. ఉన్నా బాధ లేకపోతే వైద్యమే అక్కర్లేదు, ఆరు నెలలకో ఏడాదికో చూపించుకుంటే చాలు అంది డాక్టరమ్మ. ముట్లు ఆగిపోయాక ఒంట్లో హార్మోన్లు తగ్గి ఆ గడ్డలు వాటంతటవే చిన్నవవుతాయి. నలభై ఏడు, నలభై ఎనిమిది ఏళ్ల ఆమెకు బాధ ఓర్చుకునేటంతగా ఉంటే, ఆ రెండు మూడేళ్లు మందులతో గట్టెక్కించడం కూడా వైద్యమే.

గడ్డ ఎంతుంది అన్న దానికంటే ఎక్కడుంది అన్నది ముఖ్యమట. సంచి లోపలి పొరలోకి పొడుచుకొచ్చినది శనగ గింజంత ఉన్నా నెత్తురు ధారగా పోతుంది. బయటి వైపు పెరిగినది బత్తాయంత ఉన్నా నెలసరికి ఏమీ కాకపోవచ్చు. కాకపోతే మూత్రసంచిని నొక్కి మాటిమాటికి ఒంటికి పోవాల్సి వస్తుంది, లేదా మలబద్ధకం, నడుము బరువు. కండ మధ్యలో ఉండేవి మూడో రకం. అందుకే స్కానింగు కాగితంలో సైజు, చోటు, ఎన్ని అన్నవి మూడూ చూడాలి. "గడ్డ ఉంది" అన్న ఒక్క మాట పట్టుకొని ఎవరూ ఆపరేషను బల్ల ఎక్కొద్దు.

ఇక వైద్యాలు. మొదటిది రక్తం సంగతి. నెత్తురు ఎక్కువ పోయే ఆమెకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. 12 ఉండాల్సింది మా ఊళ్లో ఒకామెకు 6 ఉంది. ఆయాసం వస్తుంటే ఎండ దెబ్బ అనుకుంటూ పని చేస్తూనే ఉంది. ఐరన్ మాత్రలు ఆశా దగ్గర ఊరికే దొరుకుతాయి. మాత్రలు పడకపోతే, మరీ తక్కువుంటే ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు. ఆపరేషను ఏదైనా సరే, ముందు రక్తం పట్టించుకోవాలి.

రెండోది, నెత్తురు తగ్గించే మాత్రలు. ట్రనెక్సామిక్ ఆమ్లం అని ఉంటాయి, అవి నెలసరి ఎక్కువగా పోయే రోజుల్లోనే వాడాలి, నెలంతా కాదు. కాళ్లల్లో రక్తం గడ్డకట్టిన జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు కాబట్టి మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు. హార్మోను మాత్రలు వేరే ఉన్నాయి. వీటితో గడ్డ కరిగిపోదు, నెత్తురు అదుపులోకి వస్తుంది. గడ్డను చిన్నది చేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, కానీ అవి ఆపితే మళ్లీ పెరుగుతుంది. ఎక్కువ కాలం వాడితే ఎముకలు బలం తగ్గుతాయి. అందుకని ఎక్కువగా ఆపరేషనుకు ముందు కొన్ని నెలలు మాత్రమే ఇస్తారు.

మూడోది మా వాళ్లెవరూ వినని సంగతి, హార్మోను లూపు. కాపర్-టి మనందరికీ తెలుసు. దాంతో నెత్తురు ఇంకా ఎక్కువ పోతుందని కూడా తెలుసు, అందుకే లూపు అనగానే మా వాళ్లు తల అడ్డంగా ఊపారు. ఇది చూడటానికి అట్లాగే ఉంటుంది గానీ పని తిరగబడి చేస్తుంది. కొద్దికొద్దిగా హార్మోను వదిలి సంచి లోపలి పొరను పలచగా చేస్తుంది, నెత్తురు బాగా తగ్గుతుంది. ఒకసారి పెడితే ఐదేళ్లు, ఆపైన కూడా పనిచేస్తుంది. కోత లేదు, మత్తు లేదు. మొదటి మూణ్నాలుగు నెలలు అప్పుడో చుక్క ఇప్పుడో చుక్క కనపడుతుంది, అక్కడే చాలామంది విసుగొచ్చి తీయించేసుకుంటారట. గడ్డ లోపలికి పొడుచుకొచ్చి సంచి ఆకారం చెడితే ఇది నిలవదు, జారిపోతుంది. మా సంఘంలో నలభై మూడేళ్ల అక్క ఒకామె ఇది పెట్టించుకుంది. మొదట్లో నాలుగు నెలలు మమ్మల్ని తిట్టింది. ఇప్పుడు నెలసరి వచ్చిందో లేదో కూడా తెలియట్లేదంటోంది, హిమోగ్లోబిన్ 11కు వచ్చింది. లూపు ఖరీదు కొన్ని వేలు అవుతుంది. సంఘం అంతర్గత అప్పుతోనే అయిపోయింది, ఆర్నెల్లలో తీర్చేసింది కూడా.

నాలుగోది, గడ్డ మాత్రం తీసి సంచి ఉంచడం. మయోమెక్టమీ అంటారు. గడ్డ లోపలి వైపు ఉంటే పొట్ట మీద కోతే లేకుండా కింది నుంచే సన్నటి గొట్టం పంపి తీస్తారు. వేరే చోట ఉంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టో, కోసో తీస్తారు. పిల్లలు కావాల్సిన వాళ్లకు ఇదే దారి. పక్క ఊరి సంఘంలో ఒక వదిన కోడలికి ఇరవై ఆరేళ్లు, రెండేళ్లయినా కడుపు పండలేదు. స్కానింగులో గడ్డలున్నాయంటే, పిల్ల పనికిరాదని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. జిల్లా ఆసుపత్రిలో ఈ ఆపరేషను చేశారు. ఇప్పుడు ఐదో నెల. దీనికీ ఇబ్బందులున్నాయి. గడ్డలు మళ్లీ పుట్టొచ్చు, ఆపరేషనులో నెత్తురు పోవచ్చు, ఆ తరువాత కాన్పు చాలాసార్లు కోసే తీయాల్సి వస్తుంది.

ఐదోది పెద్ద నగరాల్లో పెద్ద ఆసుపత్రుల్లో ఉండేది. తొడ దగ్గరో, చేతి మణికట్టు దగ్గరో రక్తనాళంలోంచి సన్నటి తీగలాంటి గొట్టం పంపి, గడ్డకు రక్తం తెచ్చే నాళాలను ఇసుక రవ్వల్లాంటి వాటితో మూసేస్తారు. తిండి అందక గడ్డ కొన్ని నెలల్లో ముడుచుకుపోతుంది. రెండు మూడు రోజులు నొప్పి బాగా ఉంటుందట. ఇంకా పిల్లలు కావాలనుకునే వాళ్లకు మామూలుగా చేయరు. మా చుట్టుపక్కల చేయించుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఇట్లాంటిది ఒకటుందని తెలిస్తే, హైదరాబాదులోనో విజయవాడలోనో పిల్లలున్న అక్కలు ఎవరైనా అడిగి చూడొచ్చని చెబుతున్నాం.

చివరిది గర్భసంచి తీసేయడం. సంచి తీయించుకోవద్దని మేము చెబుతున్నామని ఎవరూ అనుకోవద్దు. రిజిస్టరులోని నలుగురిలో ఒక అక్కకు గడ్డ బొడ్డు దాకా వచ్చింది, హిమోగ్లోబిన్ 6, మూత్రం సరిగా వచ్చేది కాదు, మందులు వాడి చూసింది, నలభై ఐదు దాటాయి. ఆమెకు తీయడమే సరైన వైద్యం. పెద్దాసుపత్రిలో తీశారు, అండాశయాలు ఉంచారు. ఆమె ఈ రోజు ఈ సభలోనే మూడో వరుసలో కూర్చొని నవ్వుతోంది, మళ్లీ పుట్టినట్టుందక్కా అంటుంది. సంచి తీస్తే గడ్డలు మళ్లీ రావు, నెత్తురు పోదు, అది నిజం. అయితే అండాశయాలు వేరు, గర్భసంచి వేరు. ముట్లుడగని ఆమెకు అండాశయాలు కూడా తీసేస్తే ఒక్క రోజులో ముసలితనం తెచ్చిపెట్టినట్టే. వేడి ఆవిర్లు, ఎముకలు పలచబడటం, ముందు ముందు గుండె జబ్బు. అవి ఉంచినా కూడా ముట్లాగే లక్షణాలు కొందరికి కొన్నేళ్లు ముందే వస్తాయి. ఆపరేషను తరువాత ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. మన ఇళ్లల్లో ఆరు వారాలు ఎవరు కూర్చోబెడతారు? మా చెల్లెలు ఇరవయ్యో రోజున మిరపకాయల బస్తా ఎత్తింది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ల కడుపుల్లోనే గడ్డలు అంత ఎక్కువ పుడతాయా? 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, అవసరం లేకుండా గర్భసంచులు తీయడం ఆపేందుకు కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. 2008లో అదే కోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో ఒకామెకు పరీక్ష కోసమని మత్తిచ్చి, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకొని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి రానప్పుడు ఆమెనే అడగాలి, తల్లి ఒప్పుకుంటే చెల్లదని కోర్టు చెప్పింది. మన దగ్గర భర్తను పిలిచి సంతకం పెట్టమంటారు, మనం బల్ల మీద పడుకొని చూస్తుంటాం.

మా గ్రామ సంఘంలో ఒక తీర్మానం చేశాం. గర్భసంచి ఆపరేషనుకు అప్పు అడిగితే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో డాక్టరుకు చూపించాలి. సంఘం నుంచి ఇద్దరు తోడు వెళ్తారు, ఆటో ఖర్చు, ఆ రోజు కూలి సంఘం పెట్టుకుంటుంది. ఈ తీర్మానం తేలిగ్గా అవ్వలేదు. ఒక చెల్లెలు లేచి, "నా ఒంటి మీద మొగుడి పెత్తనం చాలక ఇప్పుడు సంఘం పెత్తనం కూడానా?" అని గట్టిగానే అడిగింది. ఆమె మాటలో న్యాయం ఉంది. "నెలకు వారం రోజులు తడిసిన గుడ్డతో చేలో నిలబడేది నేను, మీరు కాదు. తీయించేసుకుంటే పీడ పోతుందని నేను అనుకుంటే మీకేంటి?" అంది. మేము ఎవరం జవాబు చెప్పలేకపోయాం కాసేపు. అందుకే తీర్మానంలో ఒక వాక్యం మార్చాం. రెండో డాక్టరు ఏం చెప్పినా, చివరికి ఆమె ఏది కావాలంటే దానికే అప్పు ఇస్తాం. ఆపేది లేదు. తెలుసుకొని చేయించుకోవాలి, అంతే. ఇంకో సంగతి కూడా ఆ చెల్లెలి మాటతోనే కదిలింది. మేస్త్రీలతో కూర్చొని, చేను దగ్గర నాలుగు కర్రలు, పాత టార్పాలిను కట్టించి నీళ్ల డబ్బా పెట్టించాం. కూలి కోసే సంగతి మాత్రం ఇంకా తెగలేదు.

తీర్మానం అయిన తరువాత ఇప్పటికి ముగ్గురు వచ్చారు. ఒకామెకు మందులతో సరిపోయింది. ఒకామెకు హార్మోను లూపు, ఇందాక చెప్పాం. మూడో ఆమెకు తీయాల్సిందేనని రెండో డాక్టరు కూడా చెప్పారు, ఆరోగ్యశ్రీ కార్డు మీద అయింది. మందులు, తిండి ఖర్చులకు మేము ఇచ్చింది 8,000.

డాక్టరు ముందు కూర్చుంటే మనకు నోరు పెగలదు. అందుకే అడగాల్సినవి మేము ఒక కాగితం మీద రాసుకున్నాం. గడ్డ ఎంతుంది, ఎక్కడుంది? నా బాధ ఈ గడ్డ వల్లేనా, వేరే ఏమైనా ఉందా? మందులతో, లూపుతో కొన్నాళ్లు చూడొచ్చా? ఇప్పుడే చేయించకపోతే ఏమవుతుంది? సంచి తీస్తే అండాశయాలు ఉంచుతారా? తీసిన ముక్క పరీక్షకు పంపుతారా, ఆ కాగితం మాకిస్తారా? ఇవి అడిగితే మంచి డాక్టరు కోప్పడరు. కోప్పడితే ఇంకో డాక్టరు దగ్గరికి పోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క నెత్తురు కనపడినా, భర్తతో కలిసినప్పుడు నెత్తురు కనపడినా, నలభై దాటాక నెలసరి మధ్యలో పోతూ ఉన్నా, అది గడ్డే అని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి లోపలి పొర పరీక్ష, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోండి. అక్కడ ఆలస్యం చేసినందుకు మా ఊళ్లో ఒక పెద్దమ్మను పోగొట్టుకున్నాం.

మా చెల్లెలి అప్పులో ఇంకా ఏడు కిస్తీలున్నాయి. వడ్డీ మాఫీ చేద్దామంటే వద్దంది, మిగతా వాళ్లు కట్టట్లేదా అంది. ఎముకలకు కాల్షియం మాత్రలు వాడుతోంది, మూడు నెలలకోసారి చూపించుకుంటోంది, తోడు మేమే వెళ్తున్నాం. మేము రాసుకున్న ప్రశ్నల కాగితాన్ని మండల సమాఖ్య వాళ్లు ఈ పుస్తకం వెనక అట్ట లోపలి వైపు అచ్చు వేయించారు. కత్తిరించి స్కానింగు కాగితాల సంచిలో పెట్టుకోండి. వచ్చే నెల మా మీటింగుకు డాక్టరమ్మ మళ్లీ వస్తానంది, రెండో ఆదివారం, పదిన్నరకు, మా ఊరి స్కూలు వరండాలో. పక్క ఊళ్ల వాళ్లు కూడా రావచ్చు, పాత కాగితాలు తెచ్చుకోండి.